ఈత లేని పందెం



పోయిన నెల మీటింగులో ఒక మాట మొదలై మధ్యలోనే ఆగిపోయింది. పిల్లలు లేచి, సంక్రాంతి తర్వాత ఊళ్లో ట్రయాత్లాన్ పెడదామన్నారు. పరుగు, సైకిలు, ఈత. ఈత ఎక్కడరా అంటే హెచ్చెల్సీ కాలువలో అన్నారు. అంతే, పెద్దవాళ్లం గట్టిగా అరిచేశాం. పిల్లలు ముఖాలు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు. పందెం మాట, భవనం సున్నాల మాట, చందా బాకీల మాట అన్నీ కలిసిపోయి ఏదీ తేలలేదు. ఆ రోజు అరిచినవాళ్లలో మేమూ ఉన్నాం. అరిచినందుకు కాదు గానీ, అరిచి ఊరుకున్నందుకు తర్వాత బాధేసింది. కాలువలో ఈత వద్దన్న మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాం. నీళ్లు వదిలిన రోజుల్లో ఆ కాలువ పైకి నిదానంగా కనబడుతుంది గానీ లోపల లాగుడు వేరే. సిమెంటు గట్టు జారుడు, పట్టుకోను ఏమీ దొరకదు. ఎండాకాలం వస్తే ఏదో ఒక ఊరి పిల్లవాడి కబురు వింటూనే ఉన్నాం కదా. అయితే పిల్లలు అడిగినది పందెం. దానికి ఈత లేని దారి ఒకటి ఉంది. ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. దాన్ని డుయాత్లాన్ అంటారు. పరుగు, సైకిలు, మళ్లీ పరుగు. ఈ నెల రోజులూ మేము దాని వెనకాల పడ్డాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం, కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

మొదట పేరు సంగతి. డుయో అంటే లాటిన్‌లో రెండు, ఆత్లాన్ అనేది గ్రీకు మాట, పందెంలో గెలిచే బహుమానం అని. రెండు భాషలు కలిపి కుట్టిన మాటన్న మాట, మన బళ్లారి మాటల లాగే. పిల్లలు దీన్ని రన్-బైక్-రన్ అంటున్నారు. ఆ మాట మాత్రం నోటీసులో రాయకండి. మన వైపు బైకు అంటే మోటారు సైకిలే. మేము ఒకాయనతో చెబితే, "పెట్రోలు సంఘమే పోస్తుందా అప్పా?" అని అడిగాడు. మేము చిన్నప్పుడు అరవం బడిలో చదివినవాళ్లం. నాన్న ఉద్యోగం మద్రాసు వైపు కాబట్టి తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నదే, తప్పులుంటే మన్నించండి. ఆ పాఠాల్లో సైకిలును మిదివండి అని రాసేవారు. కాలితో తొక్కే బండి అని అర్థం. మనకు అలాంటి మాట నిలబడలేదు, సైకిలు సైకిలే అయింది. కాబట్టి నోటీసులో 'పరుగు – సైకిలు – పరుగు' అని వేస్తే ముసలమ్మకు కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు చరిత్ర. 1974 సెప్టెంబరు 25, బుధవారం సాయంత్రం, అమెరికాలో శాన్‌డియాగో ఊరి మిషన్ బే దగ్గర జాక్ జాన్‌స్టన్, డాన్ షానహాన్ అనే ఇద్దరు ఒక పందెం పెట్టారు. వాళ్లేమీ పెద్ద కంపెనీ వాళ్లు కాదు, ఊరి పరుగుల క్లబ్బు సభ్యులు, మనలాంటి సంఘం మనుషులే. 46 మంది వచ్చారు. ఎంట్రీ ఫీజు ఒక డాలరు. ఎవరి సైకిలు వాళ్లే తెచ్చుకోవాలన్నారు. ట్రయాత్లాన్ అనే పేరుతో ఈ కాలపు మొదటి పందెం అదే. నాలుగేళ్లకు, 1978 ఫిబ్రవరిలో, హవాయి దీవుల్లో ఐరన్‌మాన్ పెట్టారు. 15 మంది బయలుదేరితే 12 మంది ముగించారు. ఇప్పుడు దాని పేరు చెబితే లోకమంతా తెలుసు గానీ, మొదలైనప్పుడు మన భజన గుంపంత మంది కూడా లేరు.

ఈ మూడింటిలో ఈత అందరికీ కుదిరేది కాదు. చలిదేశాల్లో నీళ్లు గడ్డకడతాయి, మనలాంటి దేశాల్లో నీళ్లే ఉండవు. కొందరికి ఈతే రాదు. అందుకని 1980లలో ఈతను తీసేసి, దాని చోట ఇంకో పరుగు పెట్టారు. న్యూయార్కులో డేనియల్ హోనిగ్ అనే ఆయన ఇలాంటి పందేలను వరసగా నడిపించాడు. అప్పట్లో వీటిని బయాత్లాన్ అనేవారు. అయితే ఆ పేరు మీద మంచు మీద జారుతూ తుపాకీ కాల్చే ఆట ఒకటి ఒలింపిక్స్‌లో అప్పటికే ఉంది. ఒకే పేరు మీద రెండు ఆటలుంటే గందరగోళమే కదా. ఒకే పేరున్న రెండు స్టేషన్లకు పార్సిళ్లు బుక్ చేసిన వాళ్లం, ఆ కష్టం మాకు తెలుసు. అందుకని మన ఆటకు డుయాత్లాన్ అని పేరు మార్చారు.

1989లో స్విట్జర్లాండులో జోఫింగెన్ అనే ఊళ్లో పవర్‌మాన్ పందెం మొదలైంది. ఇప్పుడు అక్కడ 10 కిలోమీటర్లు పరుగెత్తి, 150 కిలోమీటర్లు కొండల్లో సైకిలు తొక్కి, మళ్లీ 30 కిలోమీటర్లు పరుగెత్తాలి. చదువుతుంటేనే మా మోకాళ్లు నొప్పి పుట్టాయి. అదే 1989లో ఈ ఆటలకు అంతర్జాతీయ సంఘం కూడా ఏర్పడింది. మరుసటి ఏడాది, 1990లో, కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో డుయాత్లాన్ మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగితే కెన్నీ సౌజా గెలిచాడు. ట్రయాత్లాన్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోకి వెళ్లిపోయింది. డుయాత్లాన్‌కు ఆ అదృష్టం ఇంకా పట్టలేదు.

ఈ చరిత్రలో మాకు బాగా నచ్చినది నటాషా బాడ్‌మన్ కథ. స్విట్జర్లాండు ఆమె, 1966లో పుట్టింది. ఇరవై దాటిన వయసులో ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, ఒంటరిగా బిడ్డను పెంచుకుంటూ ఉండేది. ఒళ్లు లావు, సిగరెట్ల అలవాటు. ఆటలంటే ఏమిటో తెలియదు. ఆఫీసులో కలిసి పనిచేసిన టోనీ హాస్లర్ అనే ఆయన మాట మీద వ్యాయామం మొదలుపెట్టింది. 1995లో డుయాత్లాన్ ప్రపంచ చాంపియన్ అయింది. ఆ తర్వాత హవాయి ఐరన్‌మాన్ ఆరుసార్లు గెలిచింది. ఆఫీసు కుర్చీలో కూర్చుని ఫైళ్లు తిప్పినవాళ్లం ముప్ఫై ఏళ్లు అదే కుర్చీలో అరిగిపోయాం, ఆమె ఏమో లేచి పరుగెత్తింది. ఈ కథ ఇంట్లో చెబితే మా కోడలు, "మామా, ఆమె గెలిచింది సరే, ఆమె పరుగెత్తేటప్పుడు బిడ్డను ఎవరు చూసుకున్నారు?" అని అడిగింది. మాకు జవాబు తెలియలేదు. పందెం పెట్టేవాళ్లు ఆలోచించాల్సిన ప్రశ్నే, దాని దగ్గరికి మళ్లీ వస్తాం.

మన వాళ్లున్న దేశాల్లో చూస్తే మలేషియా ఉంది. అక్కడి రబ్బరు తోటల్లోకి వెళ్లిన తెలుగువాళ్ల పిల్లలు ఇప్పటికీ సంఘం పెట్టుకుని తెలుగు నేర్పుకుంటున్నారు. ఆ దేశపు పుత్రజయలో పవర్‌మాన్ డుయాత్లాన్‌కు వేల మంది వస్తారు. పెద్ద పందెం 10–60–10, చిన్నది 5–30–5. అక్కడ ఎండ, ఉక్క మనకన్నా తక్కువేమీ కాదు. కాబట్టి ఇది చలిదేశాల ఆట, మనకు పనికిరాదు అనే మాట నిలవదు.

ఇక మన వైపు చరిత్ర. దీన్ని ఎవరూ డుయాత్లాన్ చరిత్ర అని రాయరు. అయినా పరుగూ సైకిలూ ఈ నేలకు కొత్తవి కావు కదా.

కంపెనీ కాలంలోనూ, 1854లో తపాలా శాఖ ఏర్పడిన తర్వాత కూడా చాలా ఏళ్లూ, ఉత్తరాలు మనుషుల కాళ్ల మీదే నడిచాయి. తపాలా రన్నరు చేతిలో ఈటె, దానికి గజ్జెలు, భుజాన సంచి. కొన్ని మైళ్లు పరుగెత్తి ఇంకో మనిషికి అందించడం, అతను పట్టుకుని మళ్లీ పరుగు. గజ్జెల చప్పుడు ఎందుకంటే పాములూ జంతువులూ తప్పుకోవడానికి. 1871లో మద్రాసు రైల్వే లైను రాయచూరు చేరి బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసిన తర్వాత పెద్ద దారుల్లో ఆ పరుగు రైలు చేతికి వెళ్లింది. పల్లెల్లో మాత్రం ఇంకా చాలా కాలం కాళ్లే. తర్వాత పోస్టుమాన్ చేతికి సైకిలు వచ్చింది. సైకిలు పోని గట్ల మీద దిగి నడిచేవాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా నడక, సైకిలు, నడక. అతనికి మెడలో పతకం ఎవరూ వేయలేదు, పండగకు మామూలు ఇచ్చాం అంతే.

పందెపు పరుగుకు వస్తే, మన ఉత్తర కర్ణాటక మనిషి, బెళగావి ఫడెప్ప చౌగులే, 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగెత్తి 19వ స్థానంలో వచ్చాడు. మన దేశం నుంచి వెళ్లిన మొదటి జట్టుల్లో అది ఒకటి. సైకిలు విషయంలో విజయపుర, బాగలకోటె పిల్లల పేరు దేశమంతా తెలుసు. ఆడపిల్లలు కూడా. అది రాళ్లూ ఎండా ఉన్న సీమే, బళ్లారి కన్నా సుఖమైన ఊళ్లేమీ కావు. అక్కడ వచ్చింది మన దగ్గర ఎందుకు రాలేదో తేల్చే చదువు మాకు లేదు గానీ, అక్కడ చూసి నేర్చుకునే పెద్ద పిల్లలు వీధిలోనే కనబడతారు, ఇక్కడ కనబడరు. అంత తేడా చాలు. రైల్వేలో 1928 నుంచే ఆటల సంఘం ఉంది. ఆటల కోటాలో ఉద్యోగానికి వచ్చిన వాళ్లను మేము దగ్గర నుంచి చూశాం. మధ్యాహ్నం దాకా కౌంటరు, సాయంత్రం గ్రౌండు. పి.టి. ఉషది మా సదరన్ రైల్వేయే అని ఆ రోజుల్లో మేమూ కాలరు ఎత్తుకుని తిరిగాం, ఆమె పరుగులో మా చెమట చుక్క ఒకటి కూడా లేకపోయినా.

పార్సిలు ఆఫీసులో ఉన్నప్పుడు సైకిళ్లు ఎన్ని దించుకున్నామో లెక్కలేదు. మద్రాసు అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ కంపెనీ హెర్క్యులిస్ ఉత్తరాదిలో తయారైన అట్లాస్, హీరోలతో పక్కపక్కనే వచ్చేది. కాగితం చుట్టిన హ్యాండిళ్లు, కొత్త టైరు వాసన. అప్పట్లో సైకిలుకు ఊరి లైసెన్సు బిళ్ల ఉండాలి, రాత్రి దీపం ఉండాలి, లేకపోతే పోలీసు గాలి తీసేసేవాడు. సొంత సైకిలు లేనివాళ్లం గంటకు ఇంత అని అద్దెకు తెచ్చుకుని, బారు కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్నాం. ఆ మచ్చలు ఇంకా మోచేతుల మీద ఉన్నాయి.

ఇంకొకటి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. నాన్‌స్టాప్ సైకిలు. బడి ముందర మైదానంలో కట్టె పాతి, రికార్డులు వేసి, ఒక మనిషి వారం రోజులు సైకిలు దిగకుండా తిరిగేవాడు. సైకిలు మీదే అన్నం, సైకిలు మీదే స్నానం, సైకిలు మీదే గడ్డం. సాయంత్రం పూట ట్యూబులైట్లు పగలగొట్టడం, పళ్లతో బరువులెత్తడం. చివరి రోజు జనం నోట్లు చొక్కాకు గుచ్చేవారు. మన ఊళ్ల వాళ్లు తాళ్లు కట్టి, పెట్రోమాక్సు పట్టుకుని, రాత్రంతా కాపలా కూర్చున్న ఆట అది. జనాన్ని నిలబెట్టడం, దారి ఖాళీ చేయడం, నీళ్లందించడం, ఒకతని ప్రాణం జాగ్రత్తగా చూసుకోవడం, ఇవన్నీ మనకు తెలిసిన పనులే. ఒక పందెం నడపడానికి కావలసినది ముప్పాతిక భాగం ఇదే.

1953 అక్టోబరు 1న మన తాలూకా మైసూరులో కలిసి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లిపోయాయి. అంతకు ముందు అందరం ఒకే మద్రాసు కింద ఉన్న జిల్లా. ఇప్పుడు పెళ్లి సంబంధాలు అటూ ఇటూ ఉన్నా, పిల్లల ఆటలు మాత్రం రెండు రాష్ట్రాల కాగితాల మధ్య పడిపోతున్నాయి. ఇక్కడ పోటీలకు కన్నడ బడి పిల్లలు వెళతారు, అక్కడివాటికి అక్కడివాళ్లు. మన పందెం రెండు వైపుల వాళ్లకీ తెరిచి పెట్టాలని మా కోరిక. అయితే దారి మాత్రం సరిహద్దు దాటించొద్దు. దాటిస్తే రెండు పోలీసు స్టేషన్లలో అనుమతి అడగాలి, ఒకటి దొరికి ఇంకొకటి దొరకక పందెం మధ్యలో ఆగుతుంది. ఈ పని మేము బాగా ఎరుగుదుం.

దూరాలు చూద్దాం. ప్రపంచ సంఘం లెక్కలో ఇప్పుడు మామూలు డుయాత్లాన్ అంటే 10 కిలోమీటర్ల పరుగు, 40 సైకిలు, 5 పరుగు. చిన్నది 5–20–2.5. మనం మొదటి ఏడాది దానికన్నా తక్కువ పెట్టాలి. రెండు కిలోమీటర్ల పరుగు, ఎనిమిది సైకిలు, ఒక కిలోమీటరు పరుగు. బడి పిల్లలకు అందులో సగం. నవ్వకండి. ఇదే కష్టం.

ఎందుకు కష్టమో మా ఒంటి మీద చూసుకున్నాం. పోయిన నెల అరుపుల తర్వాత, పిల్లలకు చెప్పే ముందు మనం చేసి చూద్దామని తెల్లవారుజామున సైకిలు పది కిలోమీటర్లు తొక్కి, దిగి, వెంటనే పరుగెత్తబోయాం. కాళ్లు మావి కావు. మొద్దుల్లా ఉన్నాయి. యాభై అడుగులకు పిక్క పట్టేసి గట్టు మీద కూర్చున్నాం. పాలు తీసుకుపోయే అబ్బాయి ఆగి, "తాతా, ఎవరు తరుముతున్నారు?" అన్నాడు. తర్వాత అర్థమైంది. సైకిలు మీద ఒంటి బరువు సీటు మోస్తుంది, దిగగానే అదంతా ఒక్కసారి కాళ్ల మీదికి వస్తుంది. కాళ్లు గుండ్రంగా తిరగడానికి అలవాటుపడి ఉంటాయి, నేలను తన్నడం మర్చిపోతాయి. దీనికి మందు ఒకటే. వారానికి ఒక రోజు కొంచెం సైకిలు తొక్కి, దిగిన వెంటనే కొంచెం పరుగెత్తడం. మొదట ఐదు నిమిషాలు చాలు. నెల తిరిగేసరికి ఆ మొద్దుతనం రెండు మూడు నిమిషాల్లో వదులుతుంది. మిగతా వారంలో రెండు రోజులు పరుగు, రెండు రోజులు సైకిలు, రెండు రోజులు విశ్రాంతి. పరుగు రానివాళ్లు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక అని మొదలుపెట్టొచ్చు. రెండు నెలలు ఇలా చేస్తే మన చిన్న పందెం ఎవరైనా ముగిస్తారు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇందులో మొహమాటం వద్దు.

పందెంలో అందరూ చేసే తప్పు మొదటి పరుగులోనే. జనం చప్పట్లు కొడతారు, కుర్రవాడు గుర్రంలా లేస్తాడు, సైకిలు ఎక్కేటప్పటికి ఊపిరి అయిపోతుంది. గెలుపు చివరి కిలోమీటరులో ఉంటుంది.

సైకిలు కొత్తది కొనక్కరలేదు. ఇది గట్టిగా రాస్తున్నాం, ఎందుకంటే మీటింగులో ఒక పిల్లవాడు యాభై వేల సైకిలు లేకపోతే ఎలా అన్నాడు. మన రాష్ట్రంలో 2006–07 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సర్కారు సైకిళ్లు ఇచ్చింది. ఆ సైకిళ్లు ఇంకా చాలా ఇళ్లల్లో గోడకు ఆనించి ఉన్నాయి, ఆడపిల్లలవి కూడా. వాటితోనే ఒక విభాగం పెడదాం. గేర్లున్న సైకిళ్లు వేరే వరస. సీటు ఎత్తు చూసుకోవాలి. పెడలు కిందికి ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి, తక్కువైతే మోకాలు పోతుంది. రెండు బ్రేకులూ పట్టాలి. మన దారుల్లో సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కువ, కాబట్టి పంచరు సామాను పట్టుకుని ఒక మనిషి సైకిలు దారి మధ్యలో ఉండాలి.

సైకిళ్లు పెట్టే చోటును వాళ్లు ట్రాన్సిషన్ అంటారు. అక్కడ ఒక నియమం ఉంది, మాకు చాలా నచ్చింది. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించిన తర్వాతే సైకిలును స్టాండు నుంచి తీయాలి. తిరిగి వచ్చి సైకిలు పెట్టిన తర్వాతే పట్టీ విప్పాలి. గీత దాటాకే ఎక్కాలి, గీతకు ముందే దిగాలి. రైల్వేలో సిగ్నలు పడకుండా బండి కదలదు, అలాంటిదే. సంఘంలో ఎవరెవరి ఇళ్లల్లో హెల్మెట్లు ఉన్నాయో లెక్క రాస్తే నలభై వరకు దొరుకుతాయని మా అంచనా. వరసలు వేరు వేరు సమయాల్లో పెడితే అవే తిరుగుతాయి.

నీళ్ల సంగతి. మన పిల్లవాడు ఒకడు రెండేళ్ల కిందట ఒక పట్నంలో పరుగు పందేనికి వెళ్లాడు. ఫీజు బాగానే తీసుకున్నారు, టీషర్టు ఇచ్చారు, పతకం ఇచ్చారు. సగం దారిలో నీళ్లు అయిపోయాయి. వాడు కళ్లు తిరిగి ఒక అంగడి అరుగు మీద పడితే, అంగడామె సోడా తాగించి ఇంటికి ఫోను చేసింది. వాడి అమ్మ ఆ పతకాన్ని ఇప్పటికీ బయటికి తీయనివ్వదు. మన పందెంలో పతకం లేకపోయినా పరవాలేదు, రెండు కిలోమీటర్లకు ఒక చోట కుండ, ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు ఉండాలి. పందెం తెల్లారి ఆరుకు మొదలై ఎనిమిదిన్నరకు ముగియాలి. జనవరిలోనే పెట్టాలి, ఉగాది దాకా ఆగితే మన ఎండ ఊరుకోదు. మాట తడబడినా, నడక తూలినా ఆ మనిషిని ఆపి నీడలో పడుకోబెట్టి, తడిబట్ట వేసి, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆపే అధికారం కుండ దగ్గర కూర్చున్న ఆడవాళ్లకు ఇద్దాం. వాళ్ల మాట పిల్లలు వింటారు, మా మాట వినరు.

ఇంకా లారీలు. మెయిన్ రోడ్డు ముట్టొద్దు. పందెం దారి ఎడమ చేతి వైపే తిరగాలి, అప్పుడు ఎదురు బండ్లను దాటాల్సిన పని ఉండదు. ప్రతి మలుపు దగ్గర ఇద్దరు, ఎర్రజెండా, ఈల. ఎర్రజెండా ఊపడం మాకు వదిలేయండి.

కోడలి ప్రశ్నకు జవాబుగా, పందెం రోజు భవనంలో చిన్న పిల్లలను చూసుకోవడానికి నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే, వాళ్ల తల్లులు పరుగెత్తొచ్చు. పేర్లు ఇచ్చేవాళ్లు ఇవ్వండి, మా ఇంటి నుంచి ఒక పేరు రాసుకోండి.

ఫీజు పది రూపాయలు చాలని మా అభిప్రాయం. మిషన్ బేలో డాలరు తీసుకున్నారు కదా. భవనం సున్నాల డబ్బు ముట్టక్కరలేదు.

ఈ ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు భవనం ముందు కలుద్దాం. దారిని ఒకసారి సైకిలు మీద కొలిచి, గుంతలు ఎక్కడున్నాయో సున్నంతో గుర్తు పెట్టాలి. పోయిన నెల అలిగి వెళ్లిన పిల్లలే ముందు రావాలి. టేపు మా దగ్గర ఉంది. సున్నం డబ్బా ఎవరైనా తెండి.